ఏ వార్డుకీ చెందని ముసలమ్మ

మా అమ్మమ్మ పోయాక ఆమె గది సర్దుతుంటే రెండు వస్తువులు నేను అడిగి తెచ్చుకున్నాను. ఒకటి బిస్కట్ల రేకు డబ్బా. అందులో ఆమె మందులుండేవి. రెండోది మా అత్తయ్య రాసిన రెండు వందల పేజీల నోటు పుస్తకం. పరగడుపున షుగరెంత, కాళ్ళ వాపు తగ్గిందా లేదా, రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎన్ని ఇడ్లీలు తింది, ఏ బిళ్ళ ఎప్పుడు వేసింది... ఎనిమిది నెలల పాటు ఒక్క రోజు కూడా తప్పకుండా రాసింది అత్తయ్య. ఏడో తరగతితో చదువు మానిపించేసిన మనిషి. సాహిత్యంలో పరిశోధన చేసి, ఎన్నో ప్రతులు చదివాననుకునే నాకు ఈ ఒక్క పుస్తకాన్ని ఎట్లా చదవాలో చాలా రోజులు అర్థం కాలేదు.

అమ్మమ్మకి ఎనభై రెండేళ్ళు. ఇరవయ్యేళ్ళుగా షుగరు. అంతకు ముందు నుంచే బీపీ. మోకాళ్ళు అరిగిపోయాయి. గుండె బలహీనపడి కాళ్ళకి నీరొచ్చేది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయన్నారు. చివరి రెండేళ్ళలో మతిమరుపు. వీటిలో ఏ ఒక్కటీ ఆమెని ఇవాళో రేపో తీసుకుపోయే జబ్బు కాదు. అన్నీ కలిసి మంచానికి కట్టేశాయి. ఒక్కో జబ్బుకి ఒక్కో డాక్టరు. ఒకరు రాసిన మందు ఇంకొకరు చూసే జబ్బుని పెంచేది. మోకాళ్ళ నొప్పికిచ్చిన బిళ్ళ ఒంట్లో నీరు నిలవబెట్టి, బీపీ పెంచి, కిడ్నీలను దెబ్బతీసేది. నీరు పోవడానికిచ్చిన బిళ్ళ రాత్రి నాలుగుసార్లు లేపేది. అట్లా లేచినప్పుడే ఒకసారి పడింది. తిండి సగానికి తగ్గినా షుగరు బిళ్ళ తగ్గలేదు. అందుకని తెల్లవారుజామున చెమటలు పట్టి మాట తడబడేది. ఇవన్నీ కలిపి చూసిన మనిషి ఒక్క అత్తయ్యే.

ఇంటికొచ్చి చూసే పాలియేటివ్ కేర్ వాళ్ళుంటారని విని ఒక చోటికి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆమె మొదటి ప్రశ్న: "కేన్సరాండీ?" కాదన్నాను. "మేం కేన్సర్ వాళ్ళనే తీసుకుంటామండీ" అంది. అత్తయ్యకి చెబితే, "అదేదో వచ్చినా బాగుండేదంటావా అయితే?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ ప్రశ్న వెనక చాలా చరిత్ర ఉంది. నయం కాని బాధను తగ్గించడానికి పుట్టిన వైద్యం, జబ్బులన్నింటిలోకీ ఒకే ఒక్క జబ్బు పేరు అడిగి తలుపు తీసే పరిస్థితి ఎట్లా వచ్చింది? ఆ తలుపు బయట ఎక్కువగా నిలబడిపోయింది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు వెతుక్కుంటూ వెళితే దాదాపు అన్ని మలుపుల్లోనూ నాకు స్త్రీలే కనిపించారు. స్థాపించిన వాళ్ళూ, చాకిరీ చేసిన వాళ్ళూ, బయట మిగిలిపోయిన వాళ్ళూ కూడా.

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1842లో జాన్ గార్నియే అనే వితంతువు తనలాంటి వితంతువులను కూడగట్టి, చావుకి దగ్గరపడిన పేద రోగులను చూసుకునే సంఘాన్ని మొదలుపెట్టింది. అప్పటికే ఆమె భర్తనీ, బిడ్డల్నీ పోగొట్టుకుంది. ఐర్లండులో మేరీ ఐకెన్‌హెడ్ స్థాపించిన సన్యాసినుల సంస్థ 1879లో డబ్లిన్‌లో మరణాసన్నుల కోసం ఒక ఇల్లు తెరిచింది. ఆ సంస్థ వాళ్ళే 1905లో లండన్ తూర్పు పేటల్లోని హాక్నీలో సెయింట్ జోసెఫ్ హాస్పిస్ నడపడం మొదలుపెట్టారు. ఈ పనిని ఆ కాలం 'సేవ' అంది. అది స్త్రీ స్వభావంలోనే ఉందని కూడా అంది. మనం దాన్ని ఇంకో వైపు నుంచి చూడొచ్చు. భర్త పోయాక ఏ ఇంటికీ అక్కరకు రాని స్త్రీలు, పెళ్ళి వద్దనుకున్న స్త్రీలు సమాజంలో ఒక చోటు సంపాదించుకున్నది ఈ పని ద్వారానే. కానీ సేవ అన్న పేరు పడిన పనికి కూలీ ఉండదు, దానిలోని నైపుణ్యానికి గుర్తింపూ ఉండదు. ఆ సన్యాసినులు పక్క మీద పుండ్లు పడకుండా రోగిని ఎట్లా తిప్పాలో, నోరు ఎండకుండా ఎట్లా తడపాలో తరాల తరబడి నేర్చుకున్నారు. అది చాలాకాలం వైద్యశాస్త్రం లెక్కలోకి రాలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్‌లో ఇద్దరు స్త్రీలు రెండు వేరువేరు దారులు వేశారు. ఒకరి పేరు అందరికీ తెలుసు, ఇంకొకరి పేరు అంతగా తెలియదు. తెలియని పేరుతోనే మొదలుపెడతాను.

మార్జరీ వారెన్ లండన్ పడమటి వైపున వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టరు. 1935లో ఆ ఆసుపత్రికి పక్కనే ఉన్న పేదల సత్రపు వైద్యశాలను కూడా అప్పగించారు. అక్కడ 714 మంది రోగులున్నారు. ఎక్కువ మంది వృద్ధులు, ఏళ్ళ తరబడి మంచాల మీదే ఉన్నవాళ్ళు. వాళ్ళందరికీ కలిపి ఉన్న ఒకే ఒక్క రోగనిర్ధారణ 'దీర్ఘరోగి'. వారెన్ ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, గుండెజబ్బు వాళ్ళు, మతి చలించినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు, కేవలం కదిలించేవాళ్ళు లేక కాళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు. ఒకే మనిషిలో నాలుగైదు జబ్బులున్నాయి. మంచాల్లోంచి లేపి, నడిపించి, గోడలకి వెలుతురు రంగులు వేయించి, చాలామందిని ఇళ్ళకి పంపించింది. వృద్ధుల వైద్యం ప్రత్యేక శాఖ కావాలని 1940ల్లో వైద్య పత్రికల్లో రాసింది. ఆ శాఖ పుట్టుకకి ఆమెనే తల్లిగా చెప్తారు.

రెండోవారు సిసిలీ సాండర్స్. 1918లో పుట్టింది. యుద్ధకాలంలో నర్సయింది. వెన్నునొప్పి వల్ల ఆ పని మానుకుని ఆసుపత్రి సామాజిక కార్యకర్త అయింది. 1948లో కేన్సర్‌తో చనిపోతున్న పోలండు యూదు శరణార్థి డేవిడ్ తాస్మా ఆమె పెట్టబోయే ఇంటికి ఒక కిటికీ అవుతానంటూ 500 పౌండ్లు వదిలి వెళ్ళాడు. నర్సు మాట ఎవరూ వినరనీ, డాక్టరైతేనే వింటారనీ ఆమెకి అర్థమయింది. మళ్ళీ చదివి 1957లో డాక్టరయింది. 1958 నుంచి హాక్నీలో ఆ సన్యాసినుల దగ్గరే పనిచేసి, వెయ్యి మందికి పైగా రోగుల వివరాలు రాసుకుంది. నొప్పి వచ్చాక కాకుండా, నొప్పి రాకముందే గడియారం ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలన్న పద్ధతిని ఆధారాలతో నిలబెట్టింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ తెరిచింది.

సాండర్స్ ఇచ్చిన గొప్ప భావన 'సంపూర్ణ నొప్పి'. దాని పుట్టుకలో కూడా ఒక స్త్రీ ఉంది. నొప్పి గురించి చెప్పమన్నప్పుడు ఒక రోగి వీపుతో మొదలుపెట్టి, ఒళ్ళంతా అంటూ, తనని చూసుకోడానికి భర్తా కొడుకూ పని మానుకుంటే జీతం పోతుందన్న భయం దాకా వెళ్ళిందని సాండర్స్ రాసింది. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి లెక్కల నొప్పి ఆ మాటల్లో విడివిడిగా లేవు. నాకు ఇది ఒక సైద్ధాంతిక పాఠంగా కనిపిస్తుంది. రోగి చెప్పేదాన్ని లక్షణాల జాబితాగా కాకుండా కథనంగా వినడం అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1963 చివర్లో, పారిస్‌లో సిమోన్ ద బోవా తల్లి పడిపోయి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరింది. అక్కడ కేన్సర్ బయటపడింది. ఆ విషయం ఆమెకి చెప్పలేదు. ఆ కొద్ది వారాల గురించి బోవా 1964లో ఒక చిన్న పుస్తకం రాసింది, 1970లో వృద్ధాప్యం మీద పెద్ద పుస్తకం రాసింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ముసలి శరీరం స్త్రీవాదుల చర్చల్లో కూడా ఆలస్యంగానే ప్రవేశించింది. మన దగ్గరా అంతే. లైంగికత గురించీ, ప్రసవం గురించీ, గర్భసంచి గురించీ రాసుకున్నంతగా మనం పక్క తడిపే శరీరం గురించి రాసుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. వారెన్ వార్డులోని మనిషీ, సాండర్స్ హాస్పిస్‌లోని మనిషీ ఒకరే అయితే? వృద్ధాప్యంతో, అనేక జబ్బులతో, చావు వైపు మెల్లగా వెళ్తున్న మనిషి అయితే? ఈ రెండు దారులూ చాలాకాలం కలవలేదు. వృద్ధుల వైద్యం మంచం మీద నుంచి లేపడాన్నే తన విజయంగా చూసుకుంది. లేవలేని వాళ్ళ గురించి దానికి చెప్పడానికి తక్కువే ఉంది. హాస్పిస్ ఉద్యమం చావుని ఒప్పుకుంది, కానీ ముఖ్యంగా కేన్సర్ చావుని. సెయింట్ క్రిస్టఫర్‌లో ఎక్కువ మంది కేన్సర్ రోగులు, కొద్దిమంది నరాల క్షీణత వ్యాధి ఉన్నవాళ్ళు. దానికి కారణాలున్నాయి. కేన్సర్‌లో నొప్పి తీవ్రంగా ఉండేది. చివరి దశ ఎప్పుడో కొంతవరకు అంచనా వేయొచ్చు. పరిశోధన చేసి ఫలితం చూపించడం సులభం. విరాళాలిచ్చే వాళ్ళని కదిలించే శక్తి ఆ పేరుకి ఉంది. కొత్త వైద్యానికి వైద్యలోకంలో కాలు మోపే చోటు కావాలి. కేన్సర్ ఆ చోటు ఇచ్చింది. కానీ కాలు మోపిన చోటే సరిహద్దు కూడా అయింది.

కెనడాలోని మాంట్రియల్‌లో బాల్ఫర్ మౌంట్ 1970ల్లో ఇటువంటి విభాగం పెట్టినప్పుడు, ఫ్రెంచిలో హాస్పిస్ అంటే దిక్కులేని వాళ్ళ సత్రమన్న అర్థం ఉందని ఆ మాట వదిలి 'పాలియేటివ్' అన్న మాట తీసుకున్నాడు. లాటిన్‌లో పాలియం అంటే కప్పుకునే వస్త్రం. దుప్పటి లాంటిదనుకుందాం. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నొప్పి మందుల మెట్ల పద్ధతి ప్రకటించింది కేన్సర్ నొప్పి కోసమే. ఆ దుప్పటి పూర్తిగా నయం కాని దశకే అన్నట్టు 1990 నాటి నిర్వచనం ఉంది. 2002లో దాన్ని మార్చి, ప్రాణాంతకమైన ఏ జబ్బుకైనా, జబ్బు తొలిదశ నుంచే, మిగతా వైద్యంతో పాటే ఇవ్వాలన్నారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దీన్ని ప్రభుత్వాల బాధ్యతగా తీర్మానం చేసింది. కాగితం మీద తలుపు తెరుచుకుంది. ఫోన్ ఎత్తిన అమ్మాయి దగ్గరికి ఆ వార్త ఇంకా చేరలేదు.

మాటల సంగతి కూడా చెప్పుకోవాలి. 1970లో ఆల్వన్ ఫైన్‌స్టైన్ అనే అమెరికన్ వైద్యుడు 'కోమార్బిడిటీ' అన్న మాట వాడాడు. అంటే అసలు జబ్బు ఒకటి, దానికి తోడుగా వచ్చినవి కొన్ని. ఈ మాటలోనే ఒక నాయకుడూ, కొన్ని ఉపపాత్రలూ ఉన్నాయి. అమ్మమ్మ కథలో నాయకుడెవరు? గుండె డాక్టరుని అడిగితే గుండె అంటాడు. అత్తయ్యని అడిగితే మలబద్ధకం అంటుంది, ఎందుకంటే అమ్మమ్మని రోజూ ఏడిపించింది అదే. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన 'బహుళ వ్యాధులు' అన్న ఆలోచన ఏ జబ్బుకీ పెద్దపీట వేయదు. మనిషిని మధ్యలో పెడుతుంది. ఇది మాటల తేడా మాత్రమే కాదు. ఎవరిని ఏ వార్డులో చేర్చుకోవాలన్నది ఈ మాటల మీద ఆధారపడింది.

అమెరికాలో జోన్ లిన్ అనే డాక్టరు 2000ల తొలి ఏళ్ళలో మనుషులు చివరికి ప్రయాణించే దారుల్ని మూడు గీతలుగా చూపించింది. కేన్సర్‌ది చాలాకాలం బాగానే ఉండి ఒక్కసారిగా కిందికి దిగే గీత. గుండె, ఊపిరితిత్తుల జబ్బులది పడుతూ లేస్తూ, ప్రతిసారీ కొంచెం కిందికి జారే గీత. ముసలితనపు నీరసానిదీ, మతిమరుపుదీ ఏళ్ళ తరబడి నేలకి దగ్గరగా సాగే గీత. పాలియేటివ్ కేర్ మొదటి గీత కొలతలతో కుట్టిన చొక్కా. స్త్రీలు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి మూడో గీత మీద ఎక్కువగా నడిచేది స్త్రీలే. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై ఏళ్ళు దాటిన వాళ్ళు సుమారు 10.4 కోట్లు. అందులో స్త్రీలు 5.3 కోట్లు. భర్త వయసులో పెద్దవాడు కావడం మన పెళ్ళిళ్ళ ఆచారం. భర్త చివరి రోజుల్లో భార్య ఉంటుంది. భార్య చివరి రోజులకి భర్త చాలాసార్లు ఉండడు.

2005లో సింథియా బాయిడ్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. డెబ్బై తొమ్మిదేళ్ళ ఒక స్త్రీని ఊహించుకున్నారు. ఆమెకి షుగరు, బీపీ, కీళ్ళ అరుగుదల, ఎముకల గుల్లతనం, ఊపిరితిత్తుల జబ్బు. ఒక్కో జబ్బుకీ ఉన్న వైద్య మార్గదర్శకాలన్నింటినీ తుచ తప్పకుండా పాటిస్తే ఆమె 12 రకాల మందులు వేసుకోవాల్సి వచ్చింది. ఒక మార్గదర్శకం చెప్పింది ఇంకోదానికి అడ్డుపడే సందర్భాలూ ఉన్నాయి. ఆ వ్యాసం గురించి చదువుతుంటే మా రేకు డబ్బా మూత తీసినట్టనిపించింది. 2015లో జీన్ కట్నర్ బృందం, చివరి ఏడాదిలో ఉన్నారనుకున్న 381 మందిలో కొందరికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఆపి చూసింది. ఆపడం వల్ల హాని కనిపించలేదు. పైగా ఆపినవాళ్ళ జీవన నాణ్యత కొంత మెరుగ్గా ఉంది. మందు రాయడం ఎంత వైద్యమో, వైద్యుడు ఆలోచించి మందు ఆపడం కూడా అంతే వైద్యం. మన దగ్గర మందు ఆపితే 'వదిలేశారు' అంటారు. ఆ మాట పడేది కోడలి మీద.

మన దేశానికి వస్తే, నల్లమందు పండించి ప్రపంచానికి అమ్మే దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక వైద్యానికి వాడే మార్ఫిన్ పన్నెండేళ్ళలో తొంభై శాతానికి పైగా పడిపోయింది. లైసెన్సుల భయంతో ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. ఆ చట్టాన్ని 2014లో సడలించారు. 1986లో ముంబైలో శాంతి ఆవేదన హాస్పిస్ కేన్సర్ రోగుల కోసమే మొదలయింది. 1993లో కాలికట్ వైద్య కళాశాలలో ఎం.ఆర్. రాజగోపాల్, సురేష్ కుమార్ వంటి వాళ్ళు పెట్టిన సంఘం దారి మార్చింది. అక్కడి నుంచి ఊళ్ళల్లోకి, వాలంటీర్ల చేతుల్లోకి వెళ్ళింది ఈ పని. 2008లో కేరళ ప్రభుత్వం దీనికి ఒక విధానం ప్రకటించింది. పంచాయతీలు నర్సులను పెట్టి ఇళ్ళకి పంపడం మొదలుపెట్టాయి. ఇళ్ళలోకి వెళ్ళి చూస్తే అక్కడ ఉన్నది కేన్సర్ రోగులొక్కరే కాదు. మంచం పట్టిన వృద్ధులు, పక్షవాతం వచ్చినవాళ్ళు, అనేక జబ్బుల వాళ్ళు. ఆసుపత్రి వార్డు నుంచి చూసినప్పుడు కనిపించని మనిషి గడప లోపలికి వెళ్తే కనిపించింది. మన వైపు హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో మొదలైన పని తర్వాత తెలంగాణ జిల్లాలకి వెళ్ళింది. 2018 నుంచి ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణనీ, పాలియేటివ్ కేర్‌నీ కలిపి ఒకే పద్దు కింద కేంద్రం చేర్చింది. వారెన్ దారీ, సాండర్స్ దారీ కనీసం ఒక జాబితాలో కలిశాయి.

కేరళ అనుభవాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట అడగాలి. ఇంటి దగ్గరే సంరక్షణ అన్నప్పుడు ఇంట్లో ఎవరుంటారు? నర్సు నెలకి ఒకటో రెండో సార్లు వస్తుంది. మిగతా రోజులు? 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంట్లోవాళ్ళ సంరక్షణ పనిలో రోజూ పాలుపంచుకుంటున్న స్త్రీలు 27.6 శాతం, పురుషులు 14 శాతం. చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు చేస్తున్నారు. ఇందులో పిల్లల పెంపకం కూడా ఉంది. కానీ రాత్రి మూడింటికి లేచి పక్కగుడ్డ మార్చే పని నిమిషాల్లో కొలవడం కష్టం. ఉపకేంద్రం తరఫున వచ్చే ఆశా కార్యకర్తకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. లియాన్‌లో వితంతువుల కాలం నుంచి ఈ పని పేరు మారుతూనే ఉంది. సేవ, త్యాగం, స్వచ్ఛందం, గౌరవం. కూలీ అన్న పేరు ఒక్కటే దానికి రాలేదు.

అయితే వృద్ధుల్ని ఆసుపత్రులకో, ఆశ్రమాలకో అప్పగించాలని నా ఉద్దేశం కాదు. అమ్మమ్మ తన మంచం మీద, తన కిటికీ పక్కన పోవాలనుకుంది, అట్లాగే పోయింది. నా ఉద్దేశం వేరు. అన్ని మందుల్నీ ఒకచోట పరిచి, ఇందులో ఏవి ఇక అక్కర్లేదో చెప్పే ఒక మనిషి ఆ ఇంటికి రావాలి. నొప్పికి కిడ్నీలు చెడని మందు దొరకాలి. వారానికి ఒక్క రాత్రయినా ఆ ఇంటి స్త్రీ నిద్రపోవడానికి ఏర్పాటు ఉండాలి. తల్లి పక్కగుడ్డ మార్చడం కొడుక్కి కూడా వచ్చి ఉండాలి. మా మావయ్య చెడ్డవాడేం కాదు. మందులు కొనుక్కొచ్చేవాడు, బిల్లులు జాగ్రత్తగా ఫైలులో పెట్టేవాడు. తల్లిని చూసుకుంటున్నానని అందరితో చెప్పేవాడు, అందరూ నమ్మారు. అత్తయ్య కూడా.

తలుపు అందరికీ తెరిస్తే తాకిడికి తట్టుకోలేమని కొందరు వైద్యులు అంటారు. నిజమే, కొద్దిపాటి డబ్బుతో నడిచే సంస్థలకి ఆ భయం ఉంటుంది. కానీ ఆ తాకిడి ఇప్పుడు కూడా ఎవరో ఒకరు తట్టుకుంటున్నారు. లెక్కలోకి రావడం లేదు, అంతే.

అత్తయ్య నోటు పుస్తకాన్ని ఇప్పుడు నేను చరిత్ర గ్రంథంగానే చదువుతున్నాను. సాండర్స్ రాసుకున్న వెయ్యి మంది వివరాల పక్కన పెట్టదగ్గ పుస్తకం. ఒక్క రోగిదే, కానీ ఏ వార్డూ రాయని రోగిది. ఈ మధ్య మళ్ళీ తిరగేస్తుంటే ఆఖరి నెలల పేజీల్లో అంతకు ముందు గమనించనిది కనిపించింది. మార్జిన్లో, పెన్సిలుతో, చిన్న అక్షరాలు. "నాది 260." రెండు వారాల తర్వాత, "నాది 285, కాళ్ళు తిమ్మిరి." అమ్మమ్మ వేలికి గుచ్చిన యంత్రంతోనే తనదీ చూసుకుంది అత్తయ్య. ఎవరికీ చెప్పలేదు. అడిగితే, "అప్పుడు అమ్మది చూస్తున్నాం కదే, నాదెవరు చూస్తారు?" అంది.

ఆమెకి ఇప్పుడు అరవై నాలుగు. షుగరు, బీపీ, మోకాళ్ళు. రేకు డబ్బా నేను తెచ్చేసుకున్నానని ఆమె ఇంకో డబ్బా పెట్టుకుంది.